కాగితం వెనక వైపు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చొక్కా అయినా విప్పలేదు, మూడో తరగతి చదువుతున్న మా మనవరాలు లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. స్క్రాప్‌బుక్కట. రంగురంగుల కాగితాల మీద ఎండిన ఆకులు, పిట్ట ఈకలు, పెళ్లిపత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు అంటించి ఉన్నాయి. ఒక పేజీలో నేను ఖాకీ బట్టల్లో బస్సు ముందు నిలబడ్డ ఫొటో అంటించి, దాని పక్కన గీతలతో ఒక గడి గీసి ఖాళీగా ఉంచింది. అందులో తాత తన చేత్తో రెండు వాక్యాలు రాయాలని వాళ్ల టీచరు చెప్పిందట. తాతకు బదులు ఇంకెవరు రాసినా, ఫోనులో కొట్టి ప్రింటు తీసినా ఒప్పుకోరట. ఇంత చెప్పి ఊదారంగు స్కెచ్ పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది.

శ్రీశైలం ఘాటు మీద జోరువానలో, బ్రేకులు సరిగా పట్టని బస్సును నిండా జనంతో కిందికి దించుకొచ్చినవాణ్ణి నేను. ఆ రోజు పట్టని చెమట ఈ పెన్ను చూస్తే పట్టింది. కళ్లద్దాలు కనబడడం లేదు, రేపు రాస్తానని చెప్పి పిల్లను పంపించేశాను. కళ్లద్దాలు నా జేబులోనే ఉన్నాయి. చేతిరాత విషయంలో నేను ఆడిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది. పెద్దది ఒకటుంది. కొత్త జిల్లాలు అయిన మరుసటి ఏడాది మా అమ్మతో ఆడింది. ఆ పూటంతా అదే గుర్తుకొస్తూ ఉంది.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మన కాలంలో బడిలో చేతిరాత బాగున్న పిల్లవాడికి ఉండే మర్యాద వేరు. సారుకు ఎవరికైనా ఉత్తరం రాయాల్సి వచ్చినా, బోర్డు మీద తారీకు వేయాలన్నా వాణ్ణే పిలిచేవారు. నన్ను బోర్డు తుడవడానికి పిలిచేవారు. నా అక్షరాలు ఒకటి నిలబడితే ఒకటి కూలబడేది, గుడులు ఒక దిక్కుకు పోతే కొమ్ములు ఒక దిక్కుకు పోయేవి. దానికి తోడు ఒత్తి రాసే అలవాటు ఒకటి. పెన్సిలు ముక్కు విరిగేది, పెన్ను పాళీ రెండుగా చీలేది, కాగితం చిరిగేది, చిరగకపోతే కింది మూడు పేజీల దాకా అచ్చు పడేది. మా తెలుగు సారు నా నోట్‌బుక్కును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని తరగతికంతా చూపించి, ఇది రాసిందా లేక దున్నిందా అని అడిగేవాడు. పిల్లలు నవ్వేవారు. ఏడిస్తే ఇంకా నవ్వుతారని నేనూ వాళ్లతోపాటు నవ్వేవాణ్ణి.

అదే నోట్‌బుక్కుకు ఇంట్లో ఇంకో రకం పరీక్ష ఉండేది. మా అమ్మకూ నాయినకూ అక్షరం ముక్క రాదు. అమ్మ నాట్లకో కలుపుకో పోయి పొద్దుగూకే వేళకు వచ్చేది, వస్తూనే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నోట్‌బుక్కు తెమ్మనేది. చదవరాని మనిషే కదా అని మొదట్లో నేను పాత పేజీలే తిప్పి ఈ రోజు రాసినవని నమ్మించి గోలీలాటకు పరుగెత్తేవాణ్ణి. కొన్నాళ్లకు కనిపెట్టింది. అప్పటి నుంచి పేజీకి ముందు వైపు చూడడమే మానేసింది. కాగితం తిప్పి వెనక వైపు వేళ్లతో తడిమేది. నేను ఒత్తి రాస్తాను కనుక అక్షరాలు వెనకాల ఉబ్బెత్తుగా తేలి ఉండేవి. ఆ రోజు రాసిన పేజీ గరుకుగా తగిలేదట, పాతవి సంచిలో అణిగి అణిగి మెత్తబడేవట. ఎన్ని వరుసలు రాశానో కూడా వేలితో లెక్కపెట్టి చెప్పేది. అలా బడిలో ఒకరు, ఇంట్లో ఒకరు, నా రాతను రెండు వైపుల నుంచీ పట్టుకునేవారు.

ఆమెకు నా చదువు మీద అంత పట్టుదల ఉత్తగా రాలేదు. నాకు ఊహ తెలియక ముందు, మా ఇంటి జాగా గురించి ఎవరో ఒక కాగితం తెస్తే, అందులో ఏముందో అడిగే ధైర్యం లేక నాయిన వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత మా వాకిలిలో సగం పక్కింటి గోడ లోపలికి పోయింది. నాయిన ఆ మాట ఎత్తేవాడు కాదు, అమ్మ మరిచిపోయేది కాదు. కొడుకు చేతికి రాత వస్తే చాలు, అది వంకరదైనా పర్వాలేదు అనుకుంది.

నాకు మాత్రం ఆ వంకరే మిగిలిపోయింది. పదో తరగతి గట్టెక్కిన ఏడాదే నాయిన పోయాడు. కండక్టరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొమ్మని అందరూ చెప్పారు గాని, కండక్టరైతే స్టేజీ స్టేజీకీ టికెట్ల లెక్క పట్టీ రాయాలి, నలుగురి కళ్ల ముందు రాయాలి. స్టీరింగయితే ఆ బాధ లేదని లారీల మీద క్లీనరుగా తిరిగి, లైసెన్సు సంపాదించి, బస్సు డ్రైవరునయ్యాను. తీరా చూస్తే అక్కడా తప్పలేదు. బండి డిపోలో అప్పగించేటప్పుడు ఏది బాగాలేదో పుస్తకంలో రాయాలి. నేను రాసింది మెకానిక్కులకు తెలియక నన్నే పిలిపించి చదివించుకునేవారు, ఒకసారి నేను రాసింది నాకే తెలియక బండి చుట్టూ మళ్లీ తిరిగి చూడాల్సి వచ్చింది.

ఇక మా బావ సంగతి. మా అక్క భర్త, నల్గొండలో గడియారం సెంటరు దగ్గరి సందులో సైన్‌బోర్డులు రాసేవాడు. ఆయన కుంచె పడితే అక్షరం కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉండేది. ఫ్లెక్సీలు వచ్చి ఆయన పని మూలకు పడింది గాని, కొత్త జిల్లాలు అయినప్పుడు బడి గోడల మీద, పంచాయతీ ఆఫీసుల మీద జిల్లా పేర్లు మార్చడానికి అందరికీ ఒక్కసారే పెయింటరు కావలసి వచ్చాడు. హుజూర్‌నగర్ దాకా పోయి నల్గొండ అన్న పేరు చెరిపి సూర్యాపేట అని రాసి వచ్చేవాడు. తాను రాసిన అక్షరాలను తానే చెరపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసిందని అనేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వాడలోని చర్చికి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఒక ఆలోచన చేశాడు. ప్రతి కుటుంబానికీ ఒక మందపాటి కాగితం ఇస్తారు. దాని మీద పెద్దల ఫొటో ఒకటి అంటించి, వాళ్ల గురించి ఇంట్లోవాళ్లే తమ చేత్తో రాసి ఇవ్వాలి. అన్నీ కలిపి నల్గొండలో బైండు చేయించి, యాభై ఏళ్ల పండుగ నాడు బల్ల మీద పెడతారు. పుట్టబోయే పిల్లలు తాతముత్తాతల చేతిరాత చూసుకోవాలి కనుక టైపు కొట్టినవి, ఇంకొకరితో రాయించినవి పనికిరావని అందరి ముందూ గట్టిగా చెప్పాడు.

అమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. నీటికాసులతో రెండు కళ్లూ పోయి నాలుగేళ్లయింది. ఫ్లోరైడు ఉన్న మా నీళ్ల మహిమకు వేళ్ల కణుపులన్నీ వంకరపోయాయి. ఆ ఆదివారం చర్చిలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పే సమయంలో నా భుజం పట్టుకుని లేచి నిలబడి, ఎవరూ అడగకుండానే అందరికీ వినబడేట్టు చెప్పింది.

"మా ఇంటి కాయితం నా కొడుకు రాస్తడు. గీ గుడికి వాళ్ల నాయిన మోసిన రాళ్ల సంగతి వాడే రాయాలె."

అందరూ నా వైపు తిరిగి చూశారు. తల వంచుకుని సరేనన్నాను. యాభై ఏడేళ్ల మనిషిని, బడిలో ఆ తెలుగు సారు ముందు నిలబడ్డప్పటిలాగే చెవులు వేడెక్కాయి.

నాయినది ఒకే ఒక్క ఫొటో ఉంది. చర్చి పునాది తవ్వేటప్పుడు పట్నం నుంచి వచ్చినవారెవరో తీసి, తర్వాత పంపించారు. నెత్తిన రాయి, మోకాళ్ల పైకి ధోవతి, ఒట్టి కాళ్లు, కెమెరాను చూసి కొద్దిగా బెదిరిన ముఖం. కొత్తగా కాపురానికి వచ్చిన మా కోడలు దాన్ని ఫోనులో తీసి, కాపీ తీయించి అదే అంటిద్దామంది. జిరాక్సు మనిషవుతుందా అని అమ్మ ఒప్పుకోలేదు, అసలు ఫొటోనే అంటించమంది.

వారం రోజులు ఆ కాగితాన్ని బీరువా మీద పెట్టి దాని కింద తిరిగాను. పాత క్యాలెండర్ల వెనక రాసి చూసుకున్నాను. మెల్లగా రాస్తే చేయి వణికేది, గట్టిగా రాస్తే దున్నినట్టుండేది. అన్ని కుటుంబాల కాగితాల మధ్య మాది ఒక్కటే అలా కనబడుతుంది, పిల్లలు వేలు పెట్టి చూపించి నవ్వుతారు, నాయిన ఫొటో పక్కనే నవ్వుతారు అనిపించింది. చివరికి డ్యూటీకి పోతూ ఫొటోనూ కాగితాన్నీ పట్టుకెళ్లి మా బావ ముందు పెట్టాను. ఇంట్లోవాళ్లే రాయాలన్నారు కదా అని ఆయన ఒకటికి రెండుసార్లు అడిగాడు. అల్లుడు ఇంటివాడు కాదా అని నేను ఎదురడిగాను. ఆయన ఫొటో నీటుగా అంటించి, సన్నటి కుంచెతో, నల్లటి సిరాతో పది వరుసలు రాసి ఇచ్చాడు. ప్రభువునందు నిద్రించిన, దైవభక్తి గల, శ్రమజీవి అయిన అంటూ సమాధి రాళ్ల మీద రాసే మాటలన్నీ అందులో ఉన్నాయి. చూడడానికి ఎంతో బాగుంది. ఇంటికి తీసుకుపోకుండా నేరుగా అయ్యగారికి అప్పగించాను.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేస్తే అమ్మ రాసినవా అని అడిగేది, రాశానని చెప్పేవాణ్ణి. ఎన్ని వరుసలని అడిగేది, పది అనేవాణ్ణి. తెచ్చి తన చేతికి ఇమ్మనేది. అయ్యగారి దగ్గర ఉందని ఒకసారి, తాళం వేసి ఉందని ఒకసారి, బైండింగుకు పోయిందని ఒకసారి చెప్పాను. కళ్లు లేని మనిషి ముందు నిలబడి అబద్ధమాడుతుంటే కూడా నా ముఖం నేలకే వాలేది. పండుగ దగ్గర పడుతున్న కొద్దీ, ఆ పుస్తకం ఎక్కడ ఆమె చేతికి వస్తుందోనని భయం పట్టుకుంది. అంతా అయ్యాక ఎవరు గుర్తుపడతారులే అని మళ్లీ నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆమెకు కళ్లు లేవు, చదువు రాదు, నేను చెప్పిందే నమ్ముతుంది అనుకున్నాను. నోట్‌బుక్కులు వెనక నుంచి తడిమిన ఆ వేళ్ల సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదంటే, నమ్మండి, అంత మొద్దుబారిపోయాను.

పండుగ ఆదివారం. ముందు బుధవారం అమ్మకు జ్వరం వచ్చింది. సాయంత్రం అయ్యగారు ప్రార్థన చేయడానికి మా ఇంటికి వచ్చాడు. పొద్దున్నే బైండింగుకు ఇవ్వాలని కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని స్కూటరు మీద అలాగే వచ్చాడు. ప్రార్థన అయ్యాక, మంచంలో ఉన్న ముసలమ్మకు సంతోషం కలిగిద్దామని, పెట్టెలోంచి మా కాగితం తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

అమ్మ ముందుగా ఫొటో అంచులు తడిమింది. తర్వాత కాగితం తిప్పింది. వెనక వైపు మీద వేళ్లు పై నుంచి కిందికి పోయాయి, మళ్లీ పైకి వచ్చాయి, ఇంకోసారి మెల్లగా కిందికి పోయాయి. అయ్యగారు వంగి, ముందు వైపున ఉన్నది గట్టిగా చదివి వినిపించాడు. ఎంత ముత్యాల్లాంటి అక్షరాలో అని నన్ను మెచ్చుకున్నాడు కూడా. అమ్మ అంతా విన్నది. కాగితాన్ని ఆయన చేతికి తిరిగి ఇచ్చి, మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"మంచిగున్నది అయ్యగారూ. మావోనికి డ్యూటీలు శాన ఉండె. అయినా కూసోని రాసిండు."

ఆయన సంతోషపడి పోయాడు. స్కూటరు చప్పుడు వినబడకుండా పోయేదాకా అమ్మ కదలలేదు. నేను దగ్గరికి పోయి చేయి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. నా భార్య జావ తెస్తే వద్దంది. ముఖం గోడ వైపు పెట్టుకునే, ఎవరితో రాయించావని అడిగింది. బావ పేరు చెప్పాను.

"రాస్తలేనని చెప్తే అయిపోవు గదరా. నాతోని అయ్యగారి ముంగట అబద్ధమాడిపిచ్చినవు. మీ నాయిన ఏలుముద్ర ఏసిన కాయితం గూడ గిట్లనే నున్నగ ఉండె."

అరిచి తిట్టినా బాగుండేది. మా ఇంటి వాకిలిని మింగిన కాగితమూ నేను తెచ్చిన కాగితమూ ఆమె వేళ్లకు ఒకటే అయ్యాయి. యాభై ఏడేళ్లకు మా అమ్మకు నేను తిరిగి ఇచ్చింది ఇదా అని నాకు నా మీదే అసహ్యం వేసింది.

తెల్లారగానే డ్యూటీకి సెలవు చెప్పి, మోటారుసైకిలు మీద నల్గొండ పోయాను. అక్కడ అయ్యగారి ఇంటి ముందు ఆగి ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే, ఆయన కాగితాలు అప్పుడే బైండరుకు ఇచ్చేశానని, త్వరగా పొమ్మని మాత్రం అన్నాడు. బజారులో ఆ బైండరు దుకాణానికి చేరేసరికి పెద్దాయన కాగితాలన్నీ వరసగా పేర్చి చెక్కల మధ్య బిగించబోతున్నాడు. యాదగిరిగుట్టలో వాళ్ల తమ్ముడి కూతురి పెళ్లి, రెండు గంటలకు దుకాణం మూస్తాడు, మళ్లీ వచ్చేది సోమవారమే. ఆలోపల కుట్టు పూర్తి కావాలి. నేను బతిమాలగా బతిమాలగా మా కాగితం ఒక్కటి బయటికి తీసి ఇచ్చి, అదే సైజులో మిగిలిన మందపాటి కాగితం ఇంకొకటి వెతికి ఇచ్చాడు. ఇది ఖరాబైతే ఇంకొకటి లేదని, ఒంటిగంటలోపు తెస్తేనే కుడతానని చెప్పాడు. గడియారం సెంటరులో పదిన్నర అవుతోంది.

బావ నన్నూ నా చేతిలోని కాగితాన్నీ చూసి సంగతి అర్థం చేసుకున్నాడు. ఇప్పుడు నాయిన ఫొటోను పాత కాగితం నుంచి ఊడదీయాలి. పక్కన టీ బండి దగ్గర మరిగే గిన్నె ఆవిరి పట్టి, కుట్టుదారం రెండు చేతులా పట్టుకుని ఫొటో కింద నుంచి అంగుళం అంగుళం లాగుతూ వచ్చాడు. నేను కాగితం అంచులు పట్టుకున్నాను. రాయి వచ్చింది, తల వచ్చింది, ఛాతీ వచ్చింది, ధోవతి వచ్చింది. కింది మూలలో బంక గట్టిగా పట్టి ఉంది. చిన్న చప్పుడు వినబడింది. బావ దారం వదిలేసి వెనక్కి కూలబడ్డాడు. ఫొటో చేతికి వచ్చింది గాని నాయిన ఎడమ పాదం పాత కాగితం మీదనే ఉండిపోయింది.

ఆయన కళ్లనిండా నీళ్లు. ఆయన తప్పేముంది, తప్పంతా నాదే, ఆ మాటే చెప్పాను. ఫొటోను కొత్త కాగితం మీద పై అంచుకు మాత్రమే బంక పెట్టి అంటించాం. అంతలో నా ఫోను మోగింది. నా భార్య. జ్వరం ఎక్కువైంది, అమ్మ పలకడం లేదు, కొడుకు ఆటో మాట్లాడాడు, నల్గొండ దవాఖానకే తీసుకొస్తున్నాం అని చెప్పింది. చేతిలో ఫోను, ముందు తెల్లటి కాగితం. దవాఖానకు పరుగెత్తాలా, ఇక్కడ కూర్చోవాలా తెలియలేదు. వాళ్లు రావడానికి గంట పడుతుందని, అంతదాకా అక్కడికి పోయి చేసేది ఏమీ లేదని బావే చెప్పాడు. టేబులు మీద పాత పేపర్ల కట్ట పరిచి, దాని మీద కాగితం పెట్టి, నీలం బాల్‌పెన్ను నా చేతికిచ్చాడు.

"కింద మెత్తగుంటె ఎనక మంచిగ తేల్తది బామ్మర్ది. జర చూస్కోని ఒత్తు, చినిగితే మల్ల కాయితం లేదు."

అమ్మ తడిమేది వెనక వైపేనని ఆయనకూ తెలుసని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. జీవితంలో మొదటిసారి ఒత్తి రాయడానికే ఒత్తి రాశాను. మొదటి మాటకే చేయి జారి గుడి వంకరపోయింది, ఆపలేదు. అక్షరం అక్షరానికీ కాగితం ఎక్కడ చిరుగుతుందోనని తడిమి చూసుకున్నాను. ఏం రాయాలో ముందుగా అనుకోలేదు. మా నాయిన ఈ గుడికి రాళ్లు మోశాడని రాశాను. ఆయనకు సంతకం రాదని రాశాను. కూలికి పోతూ నా చెవి పట్టుకుని బడికి పంపేవాడని, మా అమ్మ నా పుస్తకాలు చూసేదని రాశాను. చివరికి, ఈ ఫొటోలో మా నాయిన కాలు నా వల్ల చినిగిపోయిందని, దానికి నన్ను క్షమించాలని కూడా రాశాను. పది వరుసలు. ఏడో వరుసలో ఒకచోట పెన్ను లోపలికి దిగి చిన్న బొక్క పడింది. చూస్తే బడిలో సారు ఎత్తి చూపించిన నోట్‌బుక్కు పేజీలాగే ఉంది. పట్టుకుని పరుగెత్తాను. బైండరు గోడ గడియారం చూసి, నన్ను చూసి, కాగితం తీసుకుని వరుసలో మా చోట పెట్టాడు.

దవాఖానలో అమ్మను చేర్చుకుని సెలైను ఎక్కించారు. శుక్రవారం ఎవరినీ గుర్తుపట్టలేదు. శనివారం నీళ్లడిగింది. నాతో మాట్లాడలేదు, చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆదివారం పండుగకు ఊరంతా పోయింది, నేను మంచం పక్కనే కూర్చున్నాను. ఆమె ఈ లోపల పోతే, నున్నటి కాగితమే ఆమె చేతికి తగిలిన చివరిది అవుతుంది. ఆ రోజంతా నేను మొక్కుకున్నది అలా కావొద్దని ఒక్కటే, అంత స్వార్థంగా ఎప్పుడూ ప్రార్థన చేయలేదు.

సాయంత్రం అయ్యగారు కొత్త పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకుని దవాఖానకు తెచ్చాడు. మా పేజీ తీసి అమ్మ చేతుల కిందికి జరిపాడు. ఆమె ముందు వైపు ముట్టుకోలేదు. పేజీ తిప్పి వెనక వైపు వేళ్లు పెట్టింది. మొదటి వరుస దగ్గరే వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి. వంకరపోయిన ఆ వేలు ఒక్కొక్క వరుసా దిగుతూ, పెదాలతో లెక్కపెట్టుకుంటూ, ఏడో వరుసలో బొక్క దగ్గరికి వచ్చి అక్కడ చాలాసేపు ఉంది. నన్ను చదవమంది. నేను చదివాను, కాలు చినిగిన మాట కూడా వదలకుండా చదివాను. ఆమె పేజీ తిప్పి, ఫొటో కింది మూలను వేలి కొసతో తడిమింది.

"కాలు పోతే పోయింది గని, నీ చెయ్యి దొరికింది."

ఇంత అని నా తల మీద చేయి వేసింది. అయ్యగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ ఆ గండం గడిచి ఇంటికి వచ్చింది, ఇంకో పదకొండు నెలలు బతికింది. చర్చికి పోయిన ప్రతి ఆదివారం ఆ పుస్తకం అడిగి మా పేజీ తడిమి వచ్చేది. అందరూ తడిమి తడిమి కాదు, ఆమె ఒక్కతే తడిమి ఆ పేజీ అంచు నల్లబడింది. నేను భయపడ్డట్టు ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు నవ్వారేమో, అది నా దాకా రాలేదు.

బావ కూడా పోయాడు. ఆయన రాసిన పాత కాగితం, దాని మీద నాయిన ఎడమ పాదం, నా బీరువాలో ఉన్నాయి. చర్చిలో ఇప్పుడు ఏ కబురైనా ఫోనులోనే వస్తుంది, పెళ్లయినా చావయినా ఒకే రకం అక్షరాల్లో వస్తుంది. నాకూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. ఫోనులో నా రాతా కలెక్టరు రాతా ఒక్కలాగే ఉంటాయి. అయితే నా కొడుకు పంపిన మాట ఏ పొద్దు రాశాడో, కోపంతో రాశాడో, పరధ్యానంగా రాశాడో ఆ అద్దం మీద వేలు రాస్తే నాకు తెలియదు.

నిన్న సాయంత్రం కళ్లద్దాలు పెట్టుకుని మనవరాలి పుస్తకం ముందు కూర్చున్నాను. స్కెచ్ పెన్ను వద్దని బాల్‌పెన్ను తీసుకున్నాను. మా అమ్మ నా నోట్‌బుక్కులు చూసేదని మొదటి వాక్యం రాశాను. పిల్ల పక్కనే నిలబడి చూస్తూ ఉండి పేజీ ఎత్తి చూసింది. వెనక పేజీలో అది వేసుకున్న సీతాకోకచిలుక రెక్క మీద నా అక్షరాలన్నీ ఉబ్బెత్తుగా తేలాయి. దాని ముఖం చిన్నబోయింది. తాతా, జర మెల్లగ రాయి, ఎనక ఖరాబైతాందని బతిమాలింది. అది అన్నది నిజమే, ఎంతో ఇష్టంగా వేసుకున్న బొమ్మ. రెండో వాక్యం చేయి తేలిక చేసుకుని, కాగితానికి పెన్ను తగిలీ తగలనట్టు రాశాను. పిల్ల పుస్తకం తీసుకుని పోయింది. వెనక వైపు తడిమి చూసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు కదా, ఇంక ఒత్తి రాసి ఏం చేయాలి అనుకుంటూ పెన్ను మూత పెట్టాను.